గంజి తాగిన సున్నం

నమోదు 1

చలువ సున్నం వేసిన ప్రతి ఊళ్ళోనూ సంస్థ తరఫున ఒకరు అక్కడేం జరుగుతోందో రాసి పెట్టాలి. ఈ నియమం పెట్టింది నేనే కాబట్టి ఎగ్గొట్టడానికి వీల్లేదు. నా పేరు జెసింత. ఊరు పిడుగురాళ్ళ. ఒకప్పుడు సున్నపు బట్టీలకు పేరుపడ్డ ఊరు, ఇప్పుడు ఎండకు పేరుపడింది. ఆరిపోయిన బట్టీల్లో ఒకదాన్ని బాగుచేసుకుని నేనూ ధనుంజయా సంస్థ నడుపుతున్నాం. తయారీ నాది, అమ్మకం అతనిది, నోరు ఇద్దరిదీ.

మేం సున్నంలో కలిపేది రంగు కాదు, ప్రాణం. కంటికి కనిపించని జీవులు ఆ పొడిలో నిద్రపోతూ ఉంటాయి. నీళ్ళు తగలగానే లేచి డాబా మీద తెల్లటి పొర అల్లుకుంటాయి. రాత్రి గాలిలో తేమ పట్టి దాచుకుంటాయి, పగలు నిద్రపోతూ దాన్ని కొంచెం కొంచెంగా వదులుతాయి. తాటాకు పందిరి మీద నీళ్ళు చల్లినట్టే, కాకపోతే చల్లే మనిషి అక్కర్లేదు.

ఇంత చేస్తే ఇంట్లో తగ్గేది నాలుగు డిగ్రీలు. బయట యాభై దాటిన రోజున నాలుగు తగ్గితే మనిషి బతుకుతాడు, ఎందుకు బతికానా అనుకుంటూ బతుకుతాడు. పైగా నెల తిరక్కుండానే పొర పెచ్చులు లేస్తోంది. ఇవాళ పొద్దున డాబా ఎక్కి చూస్తే మళ్ళీ అదే కథ.

సైరన్ మోగేలోగా దిగి తలుపు వేసుకున్నాను. పొద్దున సైరన్‌తో ఊళ్ళో తలుపులన్నీ పడతాయి, సాయంత్రం సైరన్ దాకా ఎవరూ తీయరు. తీస్తే ఇంటి చలువ పోతుంది, తీసి బయటికి వెళ్ళినవాడూ పోతాడు. నా చెల్లెలు తెరేజ భర్త నిరుడు అలాగే పోయాడు. అప్పటికి తెరేజ కడుపుతో ఉంది. ఇప్పుడు ఆ బిడ్డ మా ఇంట్లోనే, మా అమ్మ లూర్దమ్మ ఒళ్ళో ఉంది. ఇంకా జ్ఞానస్నానం కాలేదు, పేరు పెట్టలేదు, చిట్టి అని పిలుస్తున్నాం. ఆ బిడ్డ ఈ వేసవి దాటాలి. సంస్థ బాగోగులు ఆ తర్వాతి సంగతి.

నమోదు 2

చర్చి వెనక వీధిలో మాత్రం సున్నం పెచ్చులు లేవడం లేదు. అదే సంచి, అదే నీళ్ళు, అదే ఎండ. ఆ వీధి డాబాలన్నీ ఎక్కి దిగాను, మోకాళ్ళు అరిగాయి, కారణం దొరకలేదు. ఇంటికొచ్చి అమ్మతో చెప్పుకుంటే ఆమె చిట్టికి ఉగ్గు కలుపుతూ తల కూడా ఎత్తలేదు.

"గంజి పోసుంటారు" అంది.

"ఏం పోసుంటారూ?"

"గంజే. గంజి పోయకపోతే సున్నం గోడకెట్టా నిలిచిద్దే? నేనే చెప్పా వాళ్ళకి. మనింటికీ పోద్దామంటే నువ్వు పడనివ్వలా."

"సంచి మీద నీళ్ళు తప్ప ఇంకేం కలపొద్దని అంత పెద్ద అక్షరాలతో రాశాం కదమ్మా!"

"ఉప్పు సంచి మీద కూడా ఏందేందో రాసి ఉంటది. ఎవురు చదివారు?"

పెళ్ళికి వెల్ల వేసినా, పండక్కి వెల్ల వేసినా మా వైపు బకెట్లో చెంబెడు గంజి పడాల్సిందే. నాకు తెలియని విషయమేమీ కాదు. కానీ మా సున్నం అలాంటి సున్నం కాదని ఊరంతా తెలుసుకుందనుకున్నాను. బుద్ధి తక్కువ.

నమోదు 3

కోపం దిగాక థర్మామీటర్లు పట్టుకుని ఆ వీధికి వెళ్ళాను. సాయంత్రం సైరన్ దాకా ఒకరింట్లో కూర్చుని చూశాను. గంజి పోసిన ఇంట్లో నాలుగు కాదు, పధ్నాలుగు డిగ్రీలు తగ్గింది. ఆ ఇంటావిడ మధ్యాహ్నం దుప్పటి కప్పుకుని పడుకుంది. మధ్యాహ్నం దుప్పటి కప్పుకునే మనిషిని నా చిన్నప్పుడు చూశాను, మళ్ళీ ఇవాళే చూడటం.

ధనుంజయకు చెబితే కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"అక్కా, మనం ఏళ్ళ తరబడి వెతికింది మీ అమ్మ వంటింట్లో ఉందా?"

"ఒక వేసవంతా చూసి అప్పుడు చెబుదాం. ఎందుకు తగ్గుతోందో నాకింకా తెలీదు."

"వేసవంతా చూద్దాం. ఈలోపు వినుకొండలో ఎంతమందిని పూడ్చాలో నువ్వే చెప్పు. మా నాయన బస్టాండులో నిలబడ్డోడు నిలబడ్డట్టే కూలిపోయాడు. ఆయనకు ఒక్క చల్లటి గది దొరికినా బతికేవోడు."

నిజానికి నాకూ ఆగాలని లేదు. గెలిచిన రోజున అనుమానం అమంగళంలా ఉంటుంది. గంజి పొడి కలిపిన కొత్త సంచులకు నేనే సరే అన్నాను. సంచి మీద నా ఫోన్ నంబరు పెద్దగా వేయించమన్నదీ నేనే. కొత్త సున్నం లారీలు వినుకొండకూ మాచర్లకూ బయలుదేరాయి. మా ఊళ్ళో ఆస్పత్రి దగ్గర్నుంచి అన్ని డాబాల మీదా కొత్త పూత పడింది, మా డాబా మీద అమ్మ దగ్గరుండి వేయించింది.

నమోదు 4

వినుకొండ నుంచి, మాచర్ల నుంచి దండాలు, దీవెనలు. ఎవరో వాళ్ళ బిడ్డకు నా పేరు పెట్టారట. నవ్వొచ్చింది గానీ రెండుసార్లు అడిగి చెప్పించుకున్నాను.

మా ఇల్లు చల్లగా ఉంది. చిట్టి గుడ్డలు ఉతికి ఇంట్లో తాడు మీద వేస్తే, తెరేజ వెనక్కి తిరిగేలోగా ఆరిపోతున్నాయి. అప్పడాలు డబ్బాలో పెట్టకపోయినా మెత్తబడటం లేదు. "ఇదేందే, ఇల్లు కాదిది, ఎండబెట్టే పెట్టె" అని తెరేజ మురిసిపోతోంది. అమ్మ పెదాలు పగిలాయి. వెన్న రాసుకుంది.

నమోదు 5

పాలు తోడుకోవడం లేదు. గిన్నె అడుగున పెళుసుగా ఏదో మిగులుతోంది. ఆవకాయ జాడీ మూత తీస్తే లోపల ఉప్పు పెచ్చు కట్టింది. అమ్మ చూసి, "నూనె తక్కువైంది" అంది. నాకు అది నూనె సంగతిలా అనిపించలేదు. అయినా జాడీ మూత పెట్టేశాను. ఇల్లు ఇంత చల్లగా ఉండగా ఏం తప్పు పట్టాలి?

నమోదు 6

ఇవాళ వంటింటి పైకప్పు మీద తెల్లటి పోగులు కనిపించాయి. సేమ్యా అంత సన్నం, జానెడు పొడవు. స్లాబు పగుళ్ళలోంచి దిగాయి. సున్నం పొర మీద ఉండాల్సిన జీవులు స్లాబు తొలుచుకుని కిందికి వచ్చాయి.

అమ్మ చీపురుతో దులిపేసింది. "బూజు" అంది. మధ్యాహ్నానికి మళ్ళీ దిగాయి. ఈసారి నిలువుగా వేలాడటం లేదు. అన్నీ ఒకే వైపు వాలి ఉన్నాయి. ఆ వైపు మంచినీళ్ళ బిందె ఉంది.

నాకు భయమేసింది. భయమేసిందని ఇక్కడ రాయడానికి సిగ్గుపడటం లేదు.

నమోదు 7

కుళాయి వచ్చేది తెల్లవారుజామునే. నింపిన బిందె సాయంత్రం దాకా రావాలి. ఇవాళ మధ్యాహ్నానికే సగమైంది. ఎవరు తాగారని అమ్మ మా ఇద్దరి మీదా అరిచింది. మేం తాగలేదు. ఇదివరకు కంటే తక్కువే తాగుతున్నాం. చల్లగా ఉంటే దాహం తెలియదు.

ఒక గ్లాసు నిండా నీళ్ళు పోసి పోగుల కింద పెట్టి, పీట వేసుకుని ఎదురుగా కూర్చున్నాను. తలుపులు పడ్డాయి, ఎక్కడికీ పోయేది లేదు. మొదట ఏమీ కాలేదు. తర్వాత ఒక పోగు మెల్లగా కిందికి సాగింది, దాని పక్కనే ఇంకోటి. గ్లాసు మీద పళ్ళెం పెట్టాను. పళ్ళెం అంచు కిందనుంచి దూరాయి. నీళ్ళు తగ్గుతుంటే పోగులు లావెక్కాయి. గ్లాసు ఖాళీ అయింది. తెరేజ గదిలోంచి "ఏం చేస్తన్నావే అక్కా?" అని అడిగింది.

ఇప్పుడు అర్థమైంది. ఒట్టి నీళ్ళతో కలిపితే అవి అర్ధాకలితో ఉంటాయి. రాత్రి తేమ పట్టుకుని పగలు పడుకుంటాయి. గంజి పోస్తే కడుపు నిండి ఇంతలంతలయ్యాయి. ఇక నిద్ర లేదు. రాత్రీ పగలూ నీళ్ళు కావాలి. గాలిలో దొరికితే గాలిలోంచి, బిందెలో దొరికితే బిందెలోంచి తీసుకుంటాయి. తాగినదంతా డాబా మీద ఆవిరిగా వదులుతాయి, పధ్నాలుగు డిగ్రీల చలువ అలా వచ్చింది. మా ఒంట్లో చెమట కూడా అవే తాగుతున్నాయి, అందుకే మాకు హాయిగా ఉంది.

బిందెలో నీళ్ళు, ఆవకాయలో ఊట, మనిషిలో నెత్తురు వాటికి ఒకటే.

నమోదు 8

సాయంత్రం సైరన్ మోగీ మోగగానే ధనుంజయ ఇంటికి పరుగెత్తాను. చెప్పిందంతా విన్నాడు. వాళ్ళ పైకప్పుకూ పోగులున్నాయి, చూశాడు, చూసి ఊరుకున్నాడు.

"వానలు పడిందాకా ఓపిక పట్టు. అప్పుడు తేమే తేమ, మన జోలికి రావు."

"అందాకా మనం ఉండొద్దూ? రేపే జనానికి చెప్పి పూత తీయించాలి."

"తీయించి ఏం చెప్తావక్కా? చలువ తప్పైందని చెప్తావా? రేపు యాభై రెండంట. ఊరంతా ఒట్టి డాబాల కింద కూర్చుంటే ఎల్లుండికి ఎంతమంది లేస్తారు?"

అతను దుర్మార్గుడేం కాదు. వాళ్ళ నాన్న కూలిపోవడం కళ్ళారా చూసినవాడు. పూత ఉంచితే ఎండిపోతాం, తీస్తే మాడిపోతాం. ముందు నుయ్యి వెనక గొయ్యి, ఆ రెండూ తవ్వింది మేమే. తల వంచుకుని ఇంటికొచ్చాను.

ఇంట్లో నర్సు రంజాన్‌బీ ఉంది. ఊళ్ళో చాలామందికి ముక్కులోంచి రక్తం వస్తోందని ఇంటింటికీ తిరుగుతోంది. తెరేజ చిట్టిని చూపించి, "రెండ్రోజుల నుంచి ఏడుపే లేదు, బంగారుకొండ" అంది.

రంజాన్‌బీ చిట్టి తల మీద చెయ్యి పెట్టింది. నడినెత్తి మీద ఆనించిన వేలు అక్కడే ఆగిపోయింది. నాలుక చూసింది. పొట్ట మీద చర్మం పట్టి వదిలితే, పట్టిన మడత అలాగే నిలిచింది.

"ఏడవట్లేదని మురవబాకమ్మా. మాడు గుంటపడింది. ఏడవటానికి ఈ బిడ్డ వంట్లో నీళ్ళు లేవు. ఉచ్చ ఎప్పుడు పోసింది?"

తెరేజ నా మొహం చూసింది, నేను అమ్మ మొహం చూశాను. గుడ్డలు ఎప్పుడూ పొడిగా ఉంటున్నాయని ముగ్గురం మురిసిపోయాం.

"ఆస్పత్రికి తీసుకుపోదాం" అన్నాను.

"ఆస్పత్రి డాబా మీద ఉన్నది మీ సున్నమే కదమ్మా" అంది రంజాన్‌బీ. మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేది, పోట్లాడేదాన్ని.

నమోదు 9

సున్నం పులుపుకు విరుగుతుంది. ఇంట్లో ఉన్న పాత చింతపండంతా బానలో పిసికాం. తెల్లవారుజామున నేనూ అమ్మా డాబా ఎక్కాం. గుజ్జు పోసి కొబ్బరి పీచుతో రుద్దితే పొర బుసబుసా పొంగి నల్లగా జారిపోయింది. కింద తెరేజ గుడ్డ కట్టిన కర్రతో పైకప్పుకు అదే గుజ్జు పూసింది. పోగులు ముడుచుకుని రాలిపడ్డాయట.

అమ్మ రుద్దుతూనే ఏడ్చింది. "నా చేత్తోనే పోశానే గంజి. నా చేత్తోనే."

"చెంబెడు గంజి నువ్వు పోశావు, లారీలకు లారీలు నేను పోశాను. ముందు రుద్దు" అన్నాను. అంతకంటే మెత్తగా చెప్పే ఓపిక లేదు నాకు.

పక్క డాబాల మీదికి జనం వచ్చారు. "బుద్ధుందా జెసింతా? పసిబిడ్డని పెట్టుకుని ఇయ్యాల చలువ పీకుతావా?" అని ఒకావిడ అరిచింది. నేనూ అరిచాను. పోగుల గురించి, బిందెల గురించి, చిట్టి మాడు గురించి గొంతు చిరిగేలా చెప్పాను. కొందరు నవ్వారు. కొందరు నవ్వకుండా కిందికి దిగి వాళ్ళ బిందెలు చూసుకున్నారు. సైరన్ మోగింది.

ఆ పగలు ఎలా గడిచిందో వరసగా రాయలేను. ఒట్టి డాబా కింద ఇల్లు పొయ్యి మీద మూకుడులా అయింది. ఉన్న చీరలన్నీ తడిపి కిటికీలకూ గోడలకూ కట్టాం. రంజాన్‌బీ మాతోనే ఉండిపోయింది. చిట్టిని ఒళ్ళో వేసుకుని, పంచదార, ఉప్పు కలిపిన నీళ్ళు చెంచాతో పెదాల మధ్య పోస్తూ కూర్చుంది. సగం బయటికి కారిపోయేవి. మళ్ళీ పోసేది. అమ్మ ఒకసారి స్పృహ తప్పింది. తెరేజ జపమాల పట్టుకుంది గానీ పూసలు కదపడం మరిచిపోయింది. చల్లటి ఇంట్లో ఉండనిస్తే ఇంకో రోజైనా బతికేదేమో, నేనే చంపుతున్నానేమో అని నాకు వెయ్యిసార్లు అనిపించింది. బిందె మాత్రం మేం తాగిన మేరకే తగ్గింది.

పొద్దు వాలుతుండగా రంజాన్‌బీ ఒక్కసారి "యా అల్లా" అంది. ఆమె తన చీర కుచ్చెళ్ళు పైకెత్తి చూపించింది. తడిసింది.

"పోసింది! ఉచ్చ పోసిందమ్మా!"

ఆ తడి చీర పట్టుకుని మా అమ్మ కళ్ళకద్దుకుంది. నలుగురు ఆడవాళ్ళం పిచ్చిపట్టినట్టు నవ్వాం, ఏడ్చాం. కాసేపటికి చిట్టి కూడా మాతో కలిసింది, ఏడుపుతో.

నమోదు 10

నిన్న సాయంత్రం సైరన్ తర్వాత మా ఇంటి ముందు జనం గుమిగూడారు. బతికిన బిడ్డను చూశారు. వాళ్ళ పైకప్పుల్లోని పోగులను కొత్త కళ్ళతో చూసుకున్నారు. ఊళ్ళో చింతపండు దొరకడం లేదు, నిమ్మకాయలు పిండుతున్నారు. సగం ఊరు పూత తీసింది. ముసలివాళ్ళనీ పసివాళ్ళనీ పెద్ద బట్టీ కింద పాత నేలగదిలోకి దించాం. అక్కడ తడిగోనెలు కట్టి మనుషులు వంతులవారీగా నీళ్ళు చల్లుతున్నారు. చల్లే మనిషి అక్కర్లేని చలువ కనిపెట్టానని విర్రవీగాను. మళ్ళీ మనుషులే చల్లుతున్నారు.

ధనుంజయ తెల్లవారకముందే వచ్చాడు. చిట్టిని చూశాడు. "మాచర్ల నేను పోతా" అని మోటారు సైకిల్ వెనక చింతపండు బస్తా కట్టుకుని వెళ్ళాడు. వినుకొండలో మా మనిషికి నిన్నటి నుంచి ఫోన్ చేస్తున్నాను, తీయడం లేదు. ఆ ఊరి అధికారి తీశాడు. కానీ తీరిగ్గా విని, "చలువ బాగా ఉందమ్మా, ఫిర్యాదులేం లేవు" అని పెట్టేశాడు.

పొద్దున సైరన్ మోగి చాలా సేపయింది. ఇప్పుడే ఫోన్ వచ్చింది. తెలియని గొంతు, వయసులో ఉన్న ఆడమనిషి.

"జెసింతమ్మగారేనా? వినుకొండ నుంచమ్మా. సంచి మీద నీ నంబరుంటే చేశా. థాంక్స్ చెప్దామని. మా ఇల్లు ఎంత చల్లగా ఉందో! నిరుడు ఎండకు మా పెద్దోడు పోయాడు. ఇది రెండో కాన్పు. ఈ బిడ్డ నీ పుణ్యాన దక్కిందమ్మా. నీ కడుపు చల్లగుండ."

"బిడ్డ ఏడుస్తోందా?" అని అడిగాను.

"ఏడుపా? మూడ్రోజులైంది నోరిప్పి. కదలకుండా నిద్దరోతంది తల్లీ."

గబగబా చెప్పాను. పంచదార, ఉప్పు కలిపిన నీళ్ళు చెంచాతో కొంచెం కొంచెంగా, ఇప్పుడే, ఈ క్షణమే పట్టమన్నాను. ఇంట్లో చింతపండు ఉంటే నానబెట్టి పైకప్పుకు పూయమన్నాను. ఆమె భయపడిపోయింది. పక్కింటికి పోదామంటే సైరన్ పడింది కదా, తలుపెట్టా తీసేది అంది. తీయొద్దన్నాను. ముందు బిందెలో నీళ్ళెన్ని ఉన్నాయో చూడమన్నాను.

"పొద్దున్నే నిండా పట్టి పెట్టానమ్మా. ఉండు."

ఫోన్ కింద పెట్టిన చప్పుడైంది. గాజులు, అడుగులు. బిందె మీద మూత తీసిన చప్పుడు. తర్వాత, చెంబు బిందె అడుగుకు తగిలి గీసుకున్న చప్పుడు వినిపించింది.